మార్కుల రిజిస్టరులో లేని గడి: విద్య, వైద్య శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య, వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, వరంగల్ పరిసర జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారం. హనుమకొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్ళయింది. పిల్లల బరువు తూచినట్టే వాళ్ళ మనసు ఎంత బాగుందో కూడా బడిలో కొలవాలని నేనూ, మా బడి పిల్లల తల్లిదండ్రులు కొందరూ కలిసి ఏడాదిలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం. మొదటిసారి రశీదు ఇచ్చి పంపారు. రెండోసారి ఇది తమ శాఖ పని కాదన్నారు. వారు చెప్పిన చోటికి మూడో అర్జీ పట్టుకుని వెళితే, మొదటి కార్యాలయానికే వెళ్ళమన్నారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

పోయిన విద్యా సంవత్సరం చివర్లో మా పదో తరగతి అబ్బాయి ఒకడు బంధువుల బండి తీసి, ఇద్దరు స్నేహితులను వెనక ఎక్కించుకుని, శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాలువ కట్ట మీద వేరే కుర్రవాళ్ళతో పందెం కట్టాడు. మలుపులో బండి జారింది. ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. నడిపినవాడికి తొడ ఎముక విరిగింది, పరీక్షలు పోయాయి. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. కొడుకు మంచం పక్కన కూర్చున్న అన్ని రోజులూ ఆయనకు కూలి లేదు.

ఆ సాయంత్రం ఆ అబ్బాయికి సంబంధించి బడిలో ఉన్న కాగితాలన్నీ ముందు వేసుకుని చూశాను. హాజరు ఉంది. మార్కులు ఉన్నాయి. ఎత్తు, బరువు, కంటిచూపు ఉన్నాయి. దేనిలోనూ లోపం కనిపించలేదు. కానీ నాకు గుర్తున్నవి వేరే. దసరా సెలవుల తరువాత వాడు కబడ్డీకి రావడం మానేశాడు. రెండో బెంచీ నుంచి చివరి బెంచీకి మారాడు. మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేసేవాడు. ఏమైందని అడిగితే “ఏమీ లేదు టీచర్” అనేవాడు. ఎదిగే వయసు కదా, బద్ధకం అనుకున్నాను. ఆసుపత్రిలో “ఎందుకు చేశావు నాన్నా?” అని అడిగితే, కాసేపు పైకప్పు వైపు చూసి, “చాలా రోజుల తరువాత ఏదో ఒకటి అనిపించింది టీచర్” అన్నాడు.

ఆ లోటును పసిగట్టే పద్ధతి బడిలో ఉండి ఉంటే దసరా సెలవుల తరువాతే అతనితో ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడేవారు. మా కోరిక అంతా ఆ పద్ధతి గురించే.

పిల్లల ఒంటిని కొలవడం ప్రభుత్వం ఎప్పుడో మొదలుపెట్టింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికి వచ్చి పరీక్షలు చేస్తాయి. 2014 జనవరిలో 10 నుంచి 19 ఏళ్ళ వారి కోసమే రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. దాని ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి, మత్తు పదార్థాల వాడకం ఒకటి, గాయాలు, హింస మరొకటి. అంటే ఈ మూడింటినీ ఒకే కార్యక్రమంలో చేర్చాలన్న తెలివిడి పదేళ్ళ కిందటే ఉంది. 2020లో బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య రాయబారులుగా తీర్చాలన్నారు. ఇన్ని ఉన్నా, బరువు తూచినంత మామూలుగా “నీకు రోజులు ఎలా గడుస్తున్నాయి?” అని ఏ పిల్లవాడినీ ఎవరూ అడిగి రాసుకోవడం లేదు.

మన దగ్గర లెక్కలు ఉన్నంత మేరా అవి జబ్బు లెక్కలే. 2015–16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ళ వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేల్చింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, తెలంగాణ అందులో లేదు. అది పక్కన పెడదాం. మిగిలిన 92.7 శాతం మంది బాగున్నారని దాని నుంచి అర్థం తీసుకుంటున్నాం, అసలు పొరపాటు అక్కడ ఉంది. మా అబ్బాయి ఆ 92.7లోనే ఉండేవాడు. ఏ వైద్యుడూ అతనికి జబ్బు ఉందని రాసి ఉండేవాడు కాదు.

జబ్బు లేకపోవడం వేరు, బాగుండటం వేరు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిర్వచనంలోనే చెప్పింది: తన శక్తి తనకు తెలియడం, మామూలు ఒత్తిళ్ళను తట్టుకోవడం, పని చేయగలగడం, నలుగురికి పనికిరావడం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త కోరీ కీస్ దీన్ని కొలతకు తెచ్చారు. ఆయన లెక్కలో జబ్బుకు ఒక కొలబద్ద, బాగుకు ఇంకొకటి. రెండో కొలబద్ద పైచివరన ఉన్నది వికసించిన స్థితి, కింది చివరన ఉన్నది వాడిపోయిన స్థితి. నీళ్ళు అందని మిరప మొక్కను చూసినవారికి ఈ రెండో మాట విడమరచి చెప్పనక్కరలేదు. దానికి తెగులు లేదు, పురుగు లేదు, అయినా తల వాల్చేస్తుంది. తెగులు ఉన్న మొక్క కూడా సంరక్షణ ఉంటే కాపు కాసినట్టే, రుగ్మత ఉన్న పిల్లవాడు కూడా తోడు ఉంటే బాగా బతకగలడని ఈ పద్ధతి చెబుతుంది.

కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కీస్ పొట్టి ప్రశ్నావళిలో 14 ప్రశ్నలు: సంతోషం, ఆసక్తి, తృప్తి గురించి మూడు, నలుగురిలో తన చోటు గురించి ఐదు, తన మీద తనకున్న నమ్మకం, ఎదుగుదల, అనుబంధాల వంటి వాటి గురించి ఆరు. బ్రిటన్‌లో వార్విక్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాలు 2007లో తెచ్చిన కొలత కూడా 14 వాక్యాలదే, దానికి ఏడు వాక్యాల పొట్టి రూపం ఉంది. అన్నింటికన్నా చిన్నది 1998 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల సూచిక. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నావా, మనసు ప్రశాంతంగా ఉందా, చురుకుగా ఉన్నావా, పొద్దున లేచినప్పుడు అలసట తీరిందా, నీకు ఇష్టమైనవి నీ రోజులో ఉన్నాయా? ఒక్కొక్క దానికి 0 నుంచి 5 వరకు గుర్తు పెట్టాలి. మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి ఎంతో తెలుస్తుంది. 50, అంతకన్నా తక్కువ వస్తే ఆ పిల్లవాడితో కూర్చుని మాట్లాడాలని గుర్తు. అది జబ్బు నిర్ధారణ కాదు. ఐదు నిమిషాల పని.

ఈ ఐదు ప్రశ్నలను నా తరగతి పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు చెప్పి, ఇష్టమున్నవారినే రాయమన్నాను. వచ్చిన అంకెలు ఇక్కడ ఇవ్వను. వాళ్ళు నన్ను నమ్మి రాశారు. ఒక్కటి మాత్రం చెబుతాను: తక్కువ వచ్చినవారిలో కొందరు తరగతిలో మొదటి వరుస పిల్లలు.

ఇక దుడుకు పనులతో దీనికున్న సంబంధం. 2006లో కీస్ 12–18 ఏళ్ళ అమెరికా పిల్లల సమాచారం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మానసికంగా వికసించిన స్థితిలో ఉన్నవారిలో బడి ఎగ్గొట్టడం, సిగరెట్, మద్యం, గంజాయి, పోలీసులకు చిక్కడం తక్కువగా కనిపించాయి. వాడిపోయిన స్థితి వైపు వెళ్ళే కొద్దీ ఇవి పెరిగాయి. 12–14 ఏళ్ళ వారిలో ఎక్కువమంది వికసించిన స్థితిలో ఉంటే, 15–18కి వచ్చేసరికి ఎక్కువమంది మధ్య స్థితికి దిగారు. మన లెక్కలో అది తొమ్మిదో తరగతి దాటి ఇంటర్‌లోకి అడుగుపెట్టే కాలం. ఏది ముందు, ఏది తరువాత అన్నది ఇలాంటి అధ్యయనం ఒక్కటే తేల్చలేదు. మనసు వాడిపోయి సిగరెట్ ముట్టి ఉండవచ్చు, సిగరెట్ స్నేహాల వల్ల మనసు వాడిపోయి ఉండవచ్చు. పైగా అవి అక్కడి పిల్లల లెక్కలు. ఇక్కడ కొలిస్తేనే ఇక్కడి సంగతి తెలుస్తుంది. అయితే ఏది ముందైనా ఆ రెండూ ఒకే పిల్లవాడిలో కలిసి కనిపిస్తున్నాయంటే, తప్పు చేసేదాకా ఆగకుండా ముందే పలకరించే అవకాశం మనకు ఉన్నట్టే.

ఈ వయసులో తెగింపు సహజం. హుషారును, మెప్పును వెతికే మెదడు భాగాలు త్వరగా ఊపందుకుంటాయి. ఆగి ఆలోచించే నుదుటి వెనక భాగం ఇరవై దాటాక గాని పూర్తిగా పక్వానికి రాదు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టెయిన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించి చూశారు. స్నేహితులు పక్కన ఉన్నప్పుడు కౌమార వయసు వారు ఒంటరిగా ఆడినప్పటికన్నా బాగా ఎక్కువ ప్రమాదానికి తెగించారు. పెద్దవారిలో అంత తేడా రాలేదు. కాలువ కట్ట మీద మా అబ్బాయి వెనక ఇద్దరు కూర్చుని ఉన్నారని మరచిపోవద్దు.

ఇదే తెగింపుతో 2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి, గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి గుట్ట మీద తాడు పట్టించినవారు, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించినవారు ఆమె వెనక ఉన్నారు. పిల్లలను పిరికివాళ్ళుగా చేయమని నేను అడగడం లేదు. ఆ తెగింపుకు తాడు, శిక్షణ, చూసే పెద్ద దిక్కు కావాలంటున్నాను.

కొలవకపోవడం వల్ల మామూలు కుటుంబాల మీద పడుతున్న భారం ఇది:

1. మైనరు చేతికి బండి వెళితే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళ దాకా లైసెన్సు రాదు. చట్టం సరైనదే. కానీ అది కదిలేది బండి కదిలిన తరువాత. పత్తి అమ్మి అప్పు తీర్చుకునే ఇంట్లో ఆ జరిమానా ఒక పంట కాలపు మిగులును తినేస్తుంది.

2. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. దుకాణం మూయించడం అవసరమే. అయితే నా అనుభవంలో గుట్కా పొట్లంతో పట్టుబడిన పిల్లవాడికి జరిగేది తల్లిదండ్రులను పిలిపించి అందరి ముందు తిట్టడం, ఆ తరువాత వాడు బడి మానేయడం. కూలికి వెళ్ళే తల్లికి పిలుపు అంటే ఒక రోజు కూలి. కొడుకు ఆ పొట్లం వైపు ఎందుకు వెళ్ళాడో ఆమెకు ఎవరూ చెప్పరు, అడిగి ఉంటేగా చెప్పడానికి.

3. ఆడపిల్లల విషయం దగ్గర కాస్త ఆగాలి. మగపిల్లల దుడుకు రోడ్డు మీద కనిపిస్తుంది. ఆడపిల్లల మనసు వాడిపోయినప్పుడు తరచూ ఎవరికీ ఇబ్బంది కలగదు, అందుకే ఎవరూ చూడరు. అన్నం తగ్గిస్తారు, తమను తాము గాయపరచుకుంటారు, ఫోనులో పరిచయమైన అపరిచితుడికి ఇంట్లో చెప్పుకోలేనిది చెప్పుకుంటారు. మా బడిలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అలాగే ఒకరోజు చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. రెండో రోజుకు దొరికింది. ఇంట్లో వారు చదువు మాన్పించారు, నెల తిరగకుండా సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి నేరమని చెప్పి ఆపగలిగాం, బడికి మాత్రం తిరిగి తేలేకపోయాం. ఆ అమ్మాయి ఏడాదంతా నోట్సు అందంగా రాసేది, గొడవ చేసేది కాదు, కాబట్టి మేము “బంగారు తల్లి” అన్నాం. ఎలా ఉన్నావని అడగలేదు. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

4. వేసవిలో కాలువలు, చెరువులు. ఈత రాని పిల్లలు స్నేహితుల మాటకు దూకుతారు. దీనికి మనసు కొలతతో పాటు ఈత నేర్పడం, కట్ట మీద కాపలా కూడా కావాలి.

5. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగితే, ఆందోళనకు కారణం చదువు అని 50 శాతం, పరీక్షలు, ఫలితాలు అని 31 శాతం చెప్పారు. అదే ఏడాది దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. ఫలితాల రోజు తలుపు దగ్గర కాపలా కూర్చునే తల్లిదండ్రులు మన వీధుల్లో ఉన్నారు. ఇది చదివే పిల్లలకు, తల్లిదండ్రులకు చెబుతున్నాను: మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్నలు బాగున్నంత మాత్రాన అనువాదం బాగుంటుందని కాదు, ఇది అధికారులు ప్రత్యేకంగా గమనించాలి. “మానసిక ప్రశాంతత” అని అచ్చువేసి ఇస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలు పక్కవాడి కాగితం చూసి గుర్తు పెడతారు. వాళ్ళకు తెలిసిన మాటలు వేరే. మనసులో దిగులు తినేస్తుంటే “రంది” అంటారు, లోపల భయం కదిలితే “బుగులు” అంటారు. చాలామంది ఏ మాటా అనరు, కడుపునొప్పి అని ఇంటికి వెళతారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో కోయ, లంబాడా పిల్లలకు ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. ఉర్దూ మాధ్యమం పిల్లలు ఉన్నారు. వీళ్ళందరి నోటి మాటలతో ప్రశ్నలను సరిచూడకపోతే, వచ్చే అంకె ఆ పిల్లవాడి మనసుది కాకుండా వాడి చదువుదే అవుతుంది.

కాబట్టి మేము కోరుతున్నవి:

1. ఐదు ప్రశ్నల సూచికను, కీస్ 14 ప్రశ్నల కొలతను ఇక్కడి పిల్లల భాషల్లో తయారుచేసి సరిచూసే పనిని కాకతీయ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగానికి అప్పగించండి. అనువదించడం, తిరిగి మూల భాషలోకి మార్చి పోల్చడం, పిల్లలకు ఎలా అర్థమైందో అడిగి తెలుసుకోవడం, వైద్యుల ముఖాముఖితో పోల్చడం, ఈ పని అంతటికీ గడువు ప్రకటించండి.

2. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి రెండుసార్లు అడగండి. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, ప్రైవేటు రెసిడెన్షియల్ కళాశాలలు అన్నీ ఇందులోకి రావాలి. తల్లిదండ్రుల అనుమతి, పిల్లల ఇష్టం రెండూ ఉండాలి.

3. ఏ పిల్లవాడి అంకె కూడా నోటీసు బోర్డుకు, ప్రోగ్రెస్ కార్డుకు, పోలీసు స్టేషనుకు చేరకూడదు. బడుల మధ్య, కళాశాలల మధ్య ర్యాంకులకు దీన్ని వాడకూడదు. వాడిన రోజున యాజమాన్యాలు పిల్లల చేత అన్నింటికీ ఐదు గుర్తులు పెట్టిస్తాయి, అప్పుడు ఈ శ్రమంతా వృథా. మొత్తంగా జిల్లా లెక్కలు మాత్రం, పేర్లు లేకుండా, ప్రజలకు చెప్పండి.

4. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుడిని లేదా సామాజిక కార్యకర్తను నియమించాలి. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. మన జిల్లాల్లో ఎన్ని సంస్థలు దీన్ని పాటిస్తున్నాయో సంస్థల పేర్లతో జాబితా పెట్టండి. వంద మంది లేని మా వంటి బడుల కోసం మండలానికి ఒక కౌన్సెలర్‌ను ఇచ్చి, వారంలో ఒక రోజు బడికి వచ్చేలా చూడండి. అడిగి, తక్కువ వచ్చిందని తెలుసుకుని, పలకరించడానికి మనిషి లేకపోతే అడగకపోవడమే నయం. అందుకే ఈ నాలుగో కోరిక తీరకుండా రెండోది మొదలుపెట్టవద్దని కూడా మనవి.

5. తప్పు చేసి పట్టుబడిన పిల్లలను బడి నుంచి పంపేసే ముందు కౌన్సెలర్ మాట్లాడి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి. టీసీ చేతికిచ్చి చేతులు దులుపుకోవడం ఆగాలి.

6. ఆటల పీరియడ్‌ను గణితానికి, సైన్సుకు మళ్ళించకండి. ఈ తప్పు నేనూ చేశాను, పదో తరగతి ఫలితాల కోసం ఆ పీరియడ్ అడిగి తీసుకున్నాను. ఈ ఏడాది నుంచి తీసుకోవడం లేదు. ఎన్‌సీసీ, స్కౌట్స్, ఈత, గుట్టలెక్కడం, నాటకం వంటివి ప్రతి బడి పిల్లలకూ అందాలి.

7. మా మూడు అర్జీలకూ లిఖితపూర్వక జవాబు ఇవ్వండి. విద్య, వైద్య శాఖల అధికారులు ఇద్దరూ ఒకే గదిలో, ఒకే రోజు మాతో కూర్చోవాలని కోరుతున్నాం. ఏ రోజైనా సరే, వస్తాం. సెలవు నేను పెట్టుకుంటాను. కూలి పని వదులుకుని వచ్చే తల్లిదండ్రుల కోసం మాత్రం సమయం ముందుగా చెప్పండి.

ఇట్లు,
సంతకాలు చేసిన తల్లిదండ్రుల తరఫున,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, హనుమకొండ జిల్లా